నాలుగో గింజ

తిస్సుడనే కుర్ర భిక్షువు గింజలకి బెజ్జాలు పెడుతున్నాడు. కుంకుడు గింజకి బెజ్జం పెట్టబోతే దబ్బనం జారి బొటనవేల్లో దిగింది. నెత్తురు కారుతున్నా నొప్పి తెలియలేదు. మనిషి అంత భయంలో ఉన్నాడు.

ఆ భయం సంగతి చెప్పాలంటే ముందు గింజల సంగతి చెప్పాలి. అదో ముచ్చట లెండి.

కృష్ణ ఒడ్డున ఒక కొండ, కొండమీద ఒక విహారం, అందులో ముప్పై ఒక్కమంది భిక్షువులు. వాళ్ళందరికీ పెద్ద బోధినంది భంతే. భంతే అంటే అక్కడ స్వామి అన్నట్టు. ఆయనకి కళ్ళు మసకబారాయి. ఇక పెద్దరికం ఇంకొకరికి అప్పజెప్పేస్తానన్నాడు. నలుగురి పేర్లు వచ్చాయి.

అక్కడ పెద్దని ఎంచుకునే తీరే వేరు. ఒక్కొక్కరికి ఒక్కో గింజ. ఉత్తరుడికి చింతగింజ, రేవతుడికి రేగుగింజ, సుజాతుడికి తామరగింజ, కాలకుడికి కుంకుడు గింజ. ప్రతి భిక్షువుకీ ఒక దారం ఇస్తారు. అందరికంటే నచ్చినవాడి గింజ పైన, ఆ తరవాతవాడిది దాని కింద, అలా వరసగా నాలుగూ గుచ్చి అడుగున ముడెయ్యాలి. దారాలన్నీ కొయ్యకి వేలాడగట్టి పై గింజలు లెక్కపెడతారు. ఎవరికీ సగం దాటకపోతే, అందరికంటే తక్కువొచ్చినవాడి గింజని అన్ని దారాల్లోంచీ లాగేస్తారు. అప్పుడు కిందున్న గింజ పైకొస్తుంది. మళ్ళీ లెక్క. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

కానీ నాలుగూ గుచ్చి తీరాలి. మూడే గుచ్చిన దారాన్ని పొయ్యిలో పడేస్తారు. ఈసారి కుర్ర భిక్షువులు దానిమీదే గొడవ పెట్టుకున్నారు. మాకు నచ్చినన్ని గుచ్చుకుంటాం, నచ్చనివాడి గింజ మాచేత ఎందుకు ముట్టిస్తారని వాళ్ళ వాదన. ముసలి పుణ్ణభంతేకి ఆ గొడవే లేదు. "వీళ్ళలో ఎవరెలాంటివాళ్ళో నాకు తెలీదు నాయనా, తట్టలో ఎలా ఉంటే అలా గుచ్చేస్తా" అని నవ్వేవాడు. ఏ కట్టుబాటు ఉండాలో రేపు మధ్యాహ్నం చెబుతానన్నాడు బోధినంది.

ఇక తిస్సుడి భయం. వర్షాలు వెనకబట్టగానే కింద ఊళ్ళలో విషజ్వరం మొదలైంది. విహారం వెనక కొట్టంలో ఇరవై ముగ్గురు రోగుల్ని పడుకోబెట్టారు. అందులో ఒకడు తిస్సుడి సొంత అన్న ముత్తడు. ఉత్తరుడు దయగలవాడు, రోగుల పక్కనే ఉంటాడు. కాలకుడేమో నలుగురిలో నిలబడి ఒకే మాట అన్నాడు.

"పెద్దరికం నాకొస్తే ఆ రోజే కొట్టం ఖాళీ."

ఆ మనిషి ఎదురైతే జనం పక్కకి తప్పుకుంటారు. అంత కటువు. ఈ ముప్పై ఒక్కరు కాక అప్పటికే ఇద్దరు భిక్షువులు జ్వరంతో పోయారు కాబట్టి అతని వెనకా కొందరు చేరారు. తిస్సుడికి కళ్ళు మూసినా తెరిచినా ఒకటే కనబడుతోంది. అన్నని మంచంతో సహా కొండ కింద వదిలేసి వస్తున్నట్టు.

ఆ సాయంత్రం అతను కొట్టంలోకి వెళ్ళాడు. బోధినంది ముత్తడి నుదుటిమీద తడిగుడ్డ మారుస్తున్నాడు.

"భంతే, నేను ఉత్తరుడి గింజ ఒక్కటే గుచ్చుతాను. ఆ తరవాత నాకేం అక్కర్లేదు. ఆ కుంకుడు గింజ నా దారానికి ఎక్కనివ్వను. నాలుగూ గుచ్చాలనే కట్టుబాటు తీసెయ్యండి."

"ఒక్కటి చాలా?"

"చాలు భంతే."

"సరే. మీ అన్నకి చలి మొదలైంది. మందుల గదికి వెళ్ళి తిప్పతీగ తీసుకురా."

తిస్సుడు పరిగెత్తాడు. మందుల గదిలో తిప్పతీగ బుట్ట బోర్లించి ఉంది. జ్వరాల నెల కదా, ఊడ్చిపెట్టినట్టు అయిపోయింది. వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"లేదు భంతే."

"తరవాత?"

"తరవాతేముంది భంతే? మీరు తిప్పతీగ ఒక్కటే చెప్పారు."

"అవును. ఒక్కటే చెప్పాను."

అని బోధినంది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కదలడు, మెదలడు. ముత్తడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఒరే తమ్ముడూ, ఇంకో దుప్పటి ఉందా?" అని సన్నగా అడిగాడు. లేదు. ఉన్న మూడూ కప్పేశారు.

"భంతే, ఏదో ఒకటి చెయ్యండి!"

"ఈసారి నువ్వు చెప్పు, నేను వెళతాను. నాలుగు పేర్లు చెప్పాలి. మొదటిది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. నాలుగూ చెప్పకపోతే కదలను."

"వేపచెక్క" అన్నాడు తిస్సుడు. "నేలవేము. తుంగముస్తలు."

"నాలుగోది?"

తిస్సుడికి తోచలేదు. పాపం, అతని పని గింజలూ దారాలూ, మందులు కాదు. విన్నవి మూడు పేర్లు, చెప్పినవి మూడు. బోధినంది గుమ్మంలో నిలబడ్డాడు. మంచం కోళ్ళు నేలమీద కదిలేంతగా ఒణికిపోతున్నాడు ముత్తడు.

"నాలుగోది?"

"ఉమ్మెత్త!" అనేశాడు తిస్సుడు.

ఆయన వెంటనే బయల్దేరాడు.

ఒక నిమిషం తిస్సుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తరవాత గుర్తొచ్చింది. మందుల గది గోడ వెనకే ఉమ్మెత్త పొద ఉంది. తెల్లటి పూలతో నడుం ఎత్తు పెరిగి ఉంది. మేకలు కూడా ముట్టవు దాన్ని. దాని కాయ తిని ఒక బాటసారి పిచ్చిచూపులు చూస్తూ పోయాడని చిన్నప్పుడు విన్నాడు. తిప్పతీగ బుట్ట ఖాళీ అయినప్పుడు వేపచెక్క ఉంటుందా? నేలవేము ఉంటుందా? అన్నీ జ్వరానికి వాడేవే కదా! పొద మాత్రం ఎక్కడికీ పోదు. అది నిండుగా ఉంటుంది.

పైగా ముసలాయనకి కళ్ళు కనబడవు. శిష్యుడు చెప్పాడు కదా అని పట్టుకొచ్చేస్తే?

లేచి పరిగెత్తాడు. మెట్ల దగ్గర ఎదురొచ్చాడు బోధినంది. ఉత్తరీయం కొంగులో ఏదో మూటగట్టి ఉంది.

"ఏది దొరికింది భంతే?"

"నువ్వు చెప్పినవాటిలో ఒకటి."

"ఎన్నోది?"

ఆయన దాటుకుని వెళ్ళబోయాడు. తిస్సుడు కాళ్ళు పట్టేసుకున్నాడు.

"నాలుగోది వద్దు భంతే! దాని సంగతి నాకేం తెలీదు. మీరు చెప్పి తీరాలన్నారు, నోటికొచ్చింది చెప్పేశాను. అది పెడితే మా అన్న చచ్చిపోతాడు!"

బోధినంది కొంగు విప్పాడు. తుంగముస్తలు. మట్టి వాసనేస్తూ గుప్పెడే ఉన్నాయి.

"రెండు బుట్టలు ఖాళీ" అన్నాడు.

కషాయం కాచి తాగించారు. ముత్తడికి వణుకు తగ్గింది గానీ జ్వరం దిగలేదు.

తెలియని పేరు మళ్ళీ వరసలో పెట్టకూడదని, తెల్లవారగానే తిస్సుడు సుజాతుడి గదికి వెళ్ళాడు. సుజాతుడు విహారానికి వచ్చి మూడు నెలలే. ఎవర్ని చూసినా నవ్వుతాడు, తేనె చేతిలో పోస్తాడు. తిస్సుడికీ పోశాడు.

"భంతే, పెద్దరికం మీకొస్తే జ్వరం కొట్టం సంగతేమిటి?"

"అంతా బాగుంటుంది నాయనా."

"తరవాత?"

"తరవాత కూడా బాగుంటుంది."

"రోగులు ఇంకా పెరిగితే?"

సుజాతుడు భుజం తట్టాడు. "ముందు నా గింజ పైన గుచ్చు. మిగతావి తరవాత చూసుకుందాం."

తిస్సుడు బయటికొచ్చి తేనె చెయ్యి కడుక్కున్నాడు. ఇక మిగిలింది కాలకుడు. మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ వెనక్కొచ్చాడు. నాలుగోసారి కాలకుడే చూశాడు. బండమీద కూర్చుని చేతులు కుంకుళ్ళతో రుద్దుకుంటున్నాడు. చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏమిటి?"

తిస్సుడు పది అడుగుల దూరంలోనే ఆగాడు. "మీరు... కొట్టం ఖాళీ చేయిస్తామన్నారు."

"అన్నాను."

తిస్సుడు అడిగేశాడు. "తరవాత?"

కాలకుడి చేతులు ఆగాయి. తల ఎత్తాడు.

"ఇన్నాళ్ళలో ఒక్కడూ ఆ మాట అడగలేదు. కొట్టం మీద పడ్డ వాన ఎటు పోతుంది?"

తిస్సుడు చూశాడు. కొట్టం పైన ఉంది. దాని కింద వాలు. వాలు కింద అందరూ తాగే నీళ్ళ తొట్టి.

"వాగు అవతల గుట్టమీద రెండు పందిళ్ళు వేయిస్తాను. రోగులు అక్కడ ఉంటారు. వాళ్ళతో నేనుంటాను. ఇదివరకు నేనున్న విహారంలో ఇలాగే పైన కొట్టం, కింద తొట్టి. నలభై ఇద్దర్ని కాటికి మోశాను. చివరివాణ్ణి మొయ్యడానికి రెండో మనిషి లేడు."

"మా అన్న కూడా ఉన్నాడు భంతే. వాగు దాటించేటప్పుడు..."

"ఒకరో ఇద్దరో దారిలోనే పోవచ్చు. అబద్ధం చెప్పను."

అనేసి మళ్ళీ చేతులు రుద్దుకోవడం మొదలెట్టాడు.

ఏమిటో చూడండి, నిన్నటిదాకా తిస్సుడికి ఉన్నది ఒక్క భయం. ఇప్పుడు రెండయ్యాయి. కదిపితే అన్న పోతాడని ఒకటి, కదపకపోతే అందరూ పోతారని ఒకటి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ చేరారు. బోధినంది లేచి చెప్పాడు.

"ఈసారి నాలుగూ గుచ్చమని బలవంతం లేదు. తెలిసినంతవరకే గుచ్చండి. మీ దారం బోడిదైపోతే మాత్రం పక్కన పెట్టేస్తాం."

కుర్రాళ్ళు సంబరపడ్డారు. "హమ్మయ్య" అని పుణ్ణభంతే ఒక్క గింజ గుచ్చి ముడేశాడు.

తిస్సుడు దారం తీసుకున్నాడు. చింతగింజ గుచ్చాడు. దాని కింద రేవతుడి రేగుగింజ. ఆ ముసలి పండితుణ్ణి చిన్నప్పటినుంచీ ఎరుగును. తట్టలో ఇంకా రెండు మిగిలాయి. అక్కడితో ఆపేస్తే అడిగేవాళ్ళు లేరు. కట్టుబాటు తీసెయ్యమని వేడుకున్నది తనే.

కుంకుడు గింజ తీశాడు. అది జారి నేలమీద దొర్లింది. వెతికి పట్టుకుని మూడోదిగా గుచ్చాడు. దాని కింద తామరగింజ గుచ్చి ముడేశాడు.

లెక్క మొదలైంది. కాలకుడికి పదకొండు, సుజాతుడికి తొమ్మిది, రేవతుడికి ఆరు, ఉత్తరుడికి అయిదు. చింతగింజలన్నీ లాగేశారు. ఆ దెబ్బకి ఒక దారం బోడిదైపోయింది. తరవాత రేగుగింజలూ పోయాయి. ఇంకో రెండు దారాలు బోడివయ్యాయి. తిస్సుడి దారానికి పైన ఇప్పుడు నల్లగా కుంకుడు గింజ నిగనిగలాడుతోంది.

మిగిలిన ఇరవై ఎనిమిది దారాల్లో కాలకుడికి పదిహేను. సుజాతుడికి పదమూడు.

"అన్యాయం!" అని అరిచాడు ఒక కుర్ర భిక్షువు. "ముప్పై ఒకరిలో పదిహేను సగం కూడా కాదు! సగంమంది ఒప్పుకోనివాడు పెద్దా?"

బోధినంది పక్కన పెట్టిన మూడు బోడి దారాలు చేతిలోకి తీసుకున్నాడు. ఒకదాన్ని ఆ కుర్రవాడికే అందించాడు. వాడి ముడి వాడికి తెలుసు. దారం తీసుకుని కూర్చున్నాడు.

ఉత్తరుడు కళ్ళు తుడుచుకుని పందిళ్ళకి వెదుళ్ళు కొట్టడానికి గొడ్డలి తీసుకుని వెళ్ళాడు. కాలకుడు ఎవరి వంకా చూడకుండా తిన్నగా కొట్టంలోకి నడిచాడు. అందరూ వెనకే వెళ్ళి అల్లంత దూరంలో ఆగిపోయారు. లోపలికి వెళ్ళింది బోధినందీ తిస్సుడూ.

గుమ్మం పక్కనున్న మొదటి మంచం ముత్తడిదే. అతను కళ్ళు తెరిచి బెదురుగా చూశాడు. "ఎక్కడికిరా తమ్ముడూ?"

వాగు చప్పుడు కొట్టందాకా వినబడుతోంది. కాలకుడు మంచం తలవైపు కోళ్ళు పట్టుకుని ఎత్తాడు. ఎత్తి, అలాగే ఆగాడు. కాళ్ళవైపు నేలమీదే ఉంది. బయట ఉన్నవాళ్ళలో ఒక్కడూ అడుగు ముందుకెయ్యలేదు.

తిస్సుడు గురువు మొహంలోకి చూశాడు. ఆ మసక కళ్ళు అతనివైపే ఉన్నాయి.

"తరవాత?" అన్నాడు బోధినంది.

తిస్సుడు వంగి రెండో కొస పట్టుకున్నాడు.