మూడు వందల ఏళ్ల నాటి ఉప్పు

కోనగిరి మల్లభూపతికి ఒకనాడు కొత్త పిచ్చి పట్టింది. తన రాజ్యంలో ఎవరు ఏ గ్రంథం రాసినా, అది సొంతంగా రాసిందో ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చిందో తేల్చాకే కొలువులో చదవాలన్నాడు.

తేలుస్తామంటూ ముగ్గురు పండితులు ముందుకొచ్చారు. పైగా ముగ్గురూ ఉచితంగానే చూసిపెడతామన్నారు. ఉచితమన్న మాట వినగానే రాజుగారి ముఖం చాటంత అయింది.

మొదటి వేటు పశువైద్యుడు బయ్యన్న మీద పడింది. ముప్పై ఏళ్లు కొట్టాల్లో తిరిగి, గేదెల చేత తన్నులు తిని, పాపం ఆయన పశువుల జబ్బుల మీద ఓ గ్రంథం రాసుకున్నాడు. ముగ్గురిలోకీ పేరుమోసిన సర్వోత్తమశాస్త్రి దాన్ని ఇంటికి పట్టుకెళ్లి, నాలుగోనాటికి పొగచూరిన తాటాకుల కట్టతో తిరిగొచ్చాడు.

"మూడు వందల ఏళ్ల నాటిది ప్రభూ! మా అటక మీద దొరికింది. అక్షరం తేడా లేదు. మా అటక మీద లేని గ్రంథం లోకంలోనే లేదు!"

"అయ్యా, అవన్నీ నేను కళ్లారా చూసిన జబ్బులయ్యా!" అని బయ్యన్న మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? పౌర్ణమినాడు గ్రంథాన్ని తగలబెట్టి, బయ్యన్నను గాడిదనెక్కించి పొలిమేర దాటించాలని తీర్పయింది.

ఆ తీర్పు రాస్తున్నవాడు ఆస్థాన లేఖకుడు చిట్టెన. ఇతరులు చెప్పింది తాటాకు మీద గంటంతో గీయడం ఇతని పని. దొంగరాతల సంగతి వచ్చినప్పుడల్లా చిట్టెన తల దించుకునేవాడు. పుట్టి బుద్ధెరిగాక అతను సొంతంగా రాసిన వాక్యం ఒక్కటీ లేదు మరి.

దానికి తోడు అతనికో జబ్బుంది. చెవిన ఏది పడితే అది చేత్తో రాసేస్తాడు. ఒకసారి రాజుగారు శాసనం చెబుతూ తుమ్మితే, "చెరువు నీళ్లు అందరికీ సమానం హాచ్" అని రాసి ఊరూరా పంపాడు. ఆ హాచ్ అంటే ఎంత కొలతో తేలక రైతులు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.

బయ్యన్న ముఖం చూసి చిట్టెన ప్రాణం ఉసూరుమంది. లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చూసేవాళ్లు ముగ్గురున్నారు. ఎవరి చూపు ఎంతపాటిదో ముందు తూచి చూడొద్దూ?"

"అయితే నువ్వే తూచు. పౌర్ణమిలోగా తేల్చకపోతే అదే గాడిద మీద నువ్వూ ఎక్కు!"

ఇద్దరెక్కితే గాడిద నడుం విరుగుతుందనబోయి, చిట్టెన నోరు నొక్కుకున్నాడు.

ముగ్గురినీ పరీక్షించాలంటే ఎవరూ ఎరగని గ్రంథం కావాలి. చిట్టెనకు ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్య పగటినిద్ర ఒక్కటే. కాబట్టి ఇంట్లో కూర్చుని 'నిద్రాప్రకాశిక' మొదలుపెట్టాడు. నాలుగో ఆకులో ఉండగా భార్య గంగసాని వంటింట్లోంచి కేకేసింది. ఆకు పూర్తయ్యాక చదువుకుని చిట్టెన నాలుక కరుచుకున్నాడు. గంటం గీత చెరిపితే పోయేది కాదు. ఆకు తీసి పారేయబోయి, ఏదో తోచి, నవ్వుకుంటూ మళ్లీ కట్టలో గుచ్చేశాడు.

మొదట అనుమానాల భట్టుకిచ్చాడు. ఆయన మొదటి ఆకు దాటనే లేదు. "ఇదిగో 'శ్రీరస్తు' అని ఉంది. ఇది నేను వెయ్యి పుస్తకాల్లో చూశాను. 'కాబట్టి' అన్న మాటా ఎత్తుకొచ్చిందే. నూటికి తొంభైపాళ్లు దొంగసొత్తు!"

తర్వాత సౌమ్యయ్యకిచ్చాడు. మర్నాడే వచ్చేసింది. "మచ్చలేని ముత్యం నాయనా!" అన్నాడాయన. కట్ట తిరగేసి చూస్తే, చిట్టెన వేసిన ముడి వేసినట్టే ఉంది.

చివరికి సర్వోత్తమశాస్త్రికిచ్చాడు. పౌర్ణమి రానే వచ్చింది. కొలువు బయట గాడిద సిద్ధంగా ఉంది. శాస్త్రి పొగచూరిన కట్టతో గజరాజులా నడిచొచ్చాడు.

"అనుకున్నంతా అయింది ప్రభూ! ఈ నిద్రాప్రకాశిక కూడా మూడు వందల ఏళ్ల నాటిదే!"

"తమరి కంఠంతో ఒక్కసారి వినిపించండి శాస్త్రిగారూ. నాలుగో ఆకు మరీ రసవత్తరంగా ఉంటుంది" అన్నాడు చిట్టెన చేతులు కట్టుకుని.

పొగడ్తకు శాస్త్రి ఉబ్బిపోయాడు. రాగం తీస్తూ అందుకున్నాడు.

"భోజనానంతరము ఎడమవైపునకు ఒరిగి శయనించువానికి... ఇదిగో, మల్లభూపతిగారి కొలువులో పొద్దస్తమానం కునికింది చాల్లేదూ? ఆ గంటం అవతల పారేసి, అంగడికెళ్లి ఉప్పు పట్రా..."

రాగం గొంతులోనే ఆగిపోయింది. కట్టలో ఏముందో శాస్త్రి చూడడం అదే మొదలు. నకలు రాసింది శిష్యులు, పొగబెట్టింది వంటమనిషి.

"మూడు వందల ఏళ్ల కిందటి పుస్తకంలో నా పేరెందుకుంది?" అని రాజు గద్దించాడు.

"అది... పూర్వులు... దివ్యదృష్టితో..." శాస్త్రి నీళ్లు నమిలాడు.

చిట్టెన భయంభయంగా ముందుకొచ్చి దండం పెట్టాడు.

"ప్రభూ, ఆ ఉప్పు నేనింకా తేలేదు. మూడు వందల ఏళ్లు ఆలస్యమైందని తెలిస్తే మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వదు!"

కొలువంతా పగలబడి నవ్వింది. బయ్యన్న ఏడుస్తూనే నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్న రాజు, శాస్త్రి చేతే నిజం కక్కించి, బయట ఉన్న గాడిదను చూపించాడు. చిట్టెనకు బంగారు గంటం, గంగసానికి బండెడు ఉప్పు ప్రకటించాడు.

"ఇంకేం చూస్తున్నావు? కొత్త తీర్పు రాయి!"

ఆ తీర్పు ఆకు కోనగిరిలో ఇప్పటికీ ఉందట. దాని మీద స్పష్టంగా ఇలా ఉంటుందట: "బయ్యన్న గ్రంథము అక్షరాలా బయ్యన్నదే హహ్హహ్హా."