గుమ్మంలో దిగిన పందిరిమంచం

మేదరి సూరమ్మ బుట్టలల్లుకుని బతికేది. ఒకసారి ఆశపడి, పందిరిమంచం కావాలని పట్నం వర్తకుడు రత్నాకరుడికి కబురు పెట్టింది. తీరా కొలిచి చూస్తే అది ఆమె గుడిసెలో పట్టదు. వద్దని ఎన్ని కబుర్లంపినా అతను పట్టించుకోలేదు. మంచం తెచ్చి గుమ్మంలో దింపించి, వెల చెల్లించకపోతే ఆమె పాడిగేదెను తోలుకుపోతానన్నాడు.

తగవు ధర్మాధికారి దగ్గరికి వెళ్లింది.

"వద్దన్న మాట నా చెవిన పడలేదు. సరుకు ఎవరి గుమ్మంలో దిగితే వాళ్లే వెల చెల్లించాలి. అదే ధర్మం," అన్నాడు రత్నాకరుడు.

"ఆ ధర్మం అందరికీనా బాబూ?" అడిగింది సూరమ్మ.

"రాజుగారికైనా అంతే!"

"సరే, అందరికీ ఆ ధర్మమే కానివ్వండి," అన్నాడు ధర్మాధికారి.

మర్నాడు సూరమ్మ మంచాన్ని బండికెత్తించుకు వెళ్లి, రత్నాకరుడి అంగడి గుమ్మానికి అడ్డంగా దింపించింది. దానిమీద తాపీగా కూర్చుని బుట్ట అల్లడం మొదలుపెట్టింది. బేరగాళ్లు లోపలికి పోలేక గుమిగూడారు.

"ఈ మంచం నాకొద్దు, తీసుకుపో!" అని అరిచాడు రత్నాకరుడు.

"ఆ మాట నా చెవిన పడలేదు బాబూ. సరుకు మీ గుమ్మంలో దిగింది, వెల చెల్లించండి. లేదంటే మీ గుర్రాన్ని తోలుకుపోతాను."

జనం గొల్లున నవ్వారు. రత్నాకరుడు ఇక గేదె జోలికి రానని అందరిముందూ ఒప్పుకుని, మంచం కోడు తానే పట్టుకుని లోపలికి మోశాడు.