సందాని చెప్పులు

సందానికి సింగపూరులో కంపెనీ పెట్టాలని ఆశ. ఏదో అట్టా ఇట్టా ఆశ కాదు. చేతిలో అన్నం ముద్ద పట్టుకొని, తినడం మరిచిపోయి ఎటో చూస్తా కూర్చునేంత ఆశ.

ఉదయగిరిలో కొయ్య స్పూన్లు చెక్కే ఇంట్లో పుట్టినాడు. వాళ్ళ నాయన మదార్ సాహెబ్ చెక్కిన సరుకంతా మధ్యవాళ్ళు కొనేది, వాళ్ళ పేర్లు అంటించి దేశాలకు పంపేది. "ఒక్క స్పూను మీదన్నా మన పేరు సముద్రం దాటితే చాలు గదరా" అంటా అంటానే ఆయన పోయినాడు. సందాని ఒక స్పూను చెక్కి, పిడి వెనక నాయన పేరు రాసి, జేబులో పెట్టుకొని తిరిగేవాడు. ఎవరన్నా అడిగితే తీసి చూపించి, మళ్ళీ తుడిచి లోపల పెట్టుకునేవాడు.

కొండ కింద ఖుద్దూస్ బాబా ఉండేవాడు. సూఫీ ముసలాయన. రేకుల వసారా, ఒక చాప, పొద్దస్తమానం పొయ్యి మీద టీ, అంతే ఆయన ఆస్తి. సందాని ఆయన శిష్యుడు. నేనూ శిష్యుణ్ణే. కాకపోతే వాడు పనికొచ్చే శిష్యుడు.

వాడి పని ఏందంటే, చెప్పులు తిప్పడం. బాబాని చూడవచ్చినవాళ్ళు మెట్టు దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోతారు. వాళ్ళు బయటికొచ్చేసరికి ఆ చెప్పులు వీధివైపు తిరిగి ఉండాలి, కాలు పెట్టి నేరుగా నడిచిపోయేట్టు. అది వచ్చినవాళ్ళకి మేమిచ్చే మర్యాద. శిష్యుల పద్ధతి వేరే. మేము బాబాకి వీపు చూపించం. సలాం చేసి, వెనక్కి వెనక్కి నడుస్తా మెట్టు దిగి, అట్టాగే చెప్పుల్లో కాళ్ళు పెడతాం. అందుకని మా చెప్పులు ఎప్పుడూ లోపలివైపే చూస్తా ఉండేవి.

సందాని బావమరిది కరీముల్లా సింగపూరులోనే స్థిరపడినాడు. కంపెనీకి ఆ దేశంలో ఉండే డైరెక్టరు ఒకరన్నా ఉండాలని అక్కడి చట్టమంట. "ఆ కుర్చీలో నేను కూర్చుంటా, నువ్వు రా బావా" అని ఫోను మీద ఫోను చేసేవాడు. మావాడు మాత్రం కొత్త కొత్త చిక్కులు మోసుకొచ్చి బాబా ముందర దించేవాడు.

"కంపెనీకి పేరు దొరకలా బాబా. నేననుకున్న పేరు అక్కడ ఎవరికో ముందే ఉందంట."

"మీ నాయన పేరు ఎవరికుంటదిరా అక్కడ?"

ఆ పేరే ఖాయమయింది. వాడి మొహం చూడాలి మీరు, రెండు రోజులు వెలిగిపోయింది. మూడోరోజుకి మళ్ళీ వాడిపోయింది. కంపెనీకి అక్కడ ఒక చిరునామా చూపించాలంట, ఆ ఊళ్ళో గది అద్దె వింటే గుండె ఆగిపోద్దంట. గది అక్కర్లేదు, చిరునామా ఒక్కటే అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారని కరీముల్లా చెప్పినాడు. ఆ చిక్కూ తీరింది. అప్పుడు సెక్రటరీ వచ్చినాడు. కాగితాలు సర్కారుకి వేళకి అందించేదానికి ఆ మనిషి తప్పనిసరి, వాడికి ఫీజు, లెక్కలు చూసేవాడికి ఇంకో ఫీజు.

"పెళ్ళిచూపులకు పోయిన ప్రతిచోటా పిల్ల ముక్కు బాగలేదన్నట్టుంది నీ వరస" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. బాబా నవ్వేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం కరీముల్లా ఆఖరి మాట చెప్పేసినాడు. బ్యాంకు ఖాతాకి సందానే ఎదురుగా వచ్చి కూర్చోవాలి. ఈ నెల దాటితే అక్కడ మావాడి స్పూన్లు కావాలని అడిగిన హోటలాయన ఒకాయన ఇంకొకరి దగ్గర కొనుక్కుంటాడు. "మళ్ళీ నేను అడగను బావా" అని ఫోను పెట్టేసినాడు.

సందాని ఆ మాటంతా బాబాకి చెప్పి, చాప అంచు గిల్లుతా కూర్చున్నాడు. "పెట్టేదానికే కాదు బాబా, నిలబెట్టేదానికీ ఖర్చే. ఇప్పుడొద్దులే. ఇంకో ఏడాది చూస్తా."

బాబా టీ గ్లాసు కింద పెట్టినాడు.

"ఇన్నాళ్ళూ ఖర్చులు చెప్తానే ఉన్నావు. ఏ రోజు బయల్దేరతావో ఒక్కసారన్నా చెప్పినావా?"

సందాని తల వంచుకున్నాడు. వాడి చెయ్యి జేబు మీద స్పూనుని తడుముకుంటా ఉంది.

"మీకు ఈసారి దగ్గు తగ్గలా బాబా," అన్నాడు చివరికి. "పోవాలనే ఉంది. కళ్ళు మూసుకుంటే ఆ ఊరే కనిపిస్తది. కానీ నేను తిరిగొచ్చేసరికి ఈ చాప మీద మీరు లేకపోతే..."

నాకు చానా సిగ్గేసింది. ఇన్నాళ్ళూ వాడు డబ్బుకి భయపడుతున్నాడనుకున్నా.

బాబా గోడ పట్టుకొని లేచినాడు. మోకాళ్ళు పట్టేసిన మనిషి. నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపినాడు. మెట్టు దాకా పోయి, రొప్పుకుంటా వంగి, సందాని చెప్పులు రెండూ వీధివైపు తిప్పి పెట్టినాడు.

"అయ్యయ్యో! మీరు నా చెప్పులు ముట్టుకునేదేంది బాబా!" అని వాడు పరుగెత్తి, ఆ చేతులు పట్టుకొని కళ్ళకద్దుకున్నాడు.

బాబా మెల్లిగా చేతులు విడిపించుకొని, వచ్చి చాప మీద కూర్చున్నాడు. "పోయిరా."

సందాని సలాం చేసినాడు. అలవాటు ప్రకారం వెనక్కి వెనక్కి నడిచి మెట్టు దిగినాడు. కాలితో చెప్పు కోసం తడిమినాడు. మడమ పోయి చెప్పు ముందు భాగానికి తగిలింది. ఇంకోసారి ప్రయత్నం చేసినాడు. దూరలా. ఎండలో ఒంటికాలి మీద నిలబడి, బాబా వైపే చూస్తా ఉండిపోయినాడు.

"ఇట్టా పెడితే మీకు వీపు చూపించాల్సొస్తది బాబా. నేనెట్టా పోయేది?"

ముసలాయన కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకోను కూడా లేదు.

"నీ మొహం చూస్తా ఉంటే నేను పొమ్మనలేనురా. అటు తిరుగు."

సందాని తిరిగినాడు.