దిగడానికి చోటు

అది ఏ రాజ్యమో గుర్తులేదు గానీ, అక్కడి సేనాపతి వజ్రకేతుడు గాలిలో ఎగిరే కొయ్యగద్దను చేయించాడు. ఇక యుద్ధమంతా ఆకాశంలోనే అంటూ కాల్బలాన్ని ఇంటికి పొమ్మన్నాడు. "పైన నేనుండగా కిందివాళ్లతో పనేముంది?" అన్నాడు రాజుగారి ఎదుటే.

ఆ సైనికులకు అంబలి అమ్ముకుని బతికే గవరమ్మ గుండెల్లో రాయి పడింది. బానెడు అంబలి కాచింది, ఇక తాగేవాళ్లేరీ?

మర్నాడు రాజుగారు చూస్తుండగా సేనాపతి కొయ్యగద్ద మీద రివ్వున లేచాడు. చుట్టూ కొండలే, చదునైన చోటు ఆ కవాతు మైదానం ఒక్కటే. మూటలు సర్దుకుంటున్న సైనికులను గవరమ్మ పిలిచింది. "కడుపునిండా తాగి పోండి నాయనా" అంటూ మైదానం నిండా వరసలుగా కూర్చోబెట్టింది.

సేనాపతి పైన చుట్టు మీద చుట్టు తిరిగాడు. రెక్కలు కిర్రుమంటున్నాయి. "లేవండర్రా, నేను దిగాలి" అని అరిచాడు.

గవరమ్మ గరిటెతోనే తలెత్తింది. "మీరు పైనే ఉండండి బాబూ. కిందివాళ్లతో మీకు పనిలేదుగా?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "కాల్బలం ఎక్కడికీ పోదు. లేచి చోటివ్వండి" అన్నారు.

సేనాపతి దిగగానే గవరమ్మ ముంత అందించింది. "తాగండి బాబూ. పైన ఇది దొరకదు."