కన్నం లేని శంఖం

అనగనగా సముద్రం పక్కన, ఉప్పుగాలికి తలుపు మేకులు కూడా తుప్పుపట్టే ఒక ఊళ్ళో నూకరత్నం అని ఓ పిల్ల ఉండేది. దుప్పటి అలా లాగకు, ఇద్దరికీ సరిపోతుంది. వాళ్ళ నాన్న పడవ మీద వేటకెళ్ళేవాడు. అమ్మా నాయనమ్మా శంఖాలకు కన్నాలు వేసి, గుమ్మాలకు కట్టే దండలు గుచ్చేవాళ్ళు.

ఒకరోజు ఆ పిల్ల సముద్రపు నీళ్ళలోంచి ఒక శంఖం పీతను పట్టుకొచ్చింది. దాని పొట్ట మెత్తనమ్మా, అందుకే ఖాళీ శంఖంలో దూరి, ఆ ఇంటిని మోసుకు తిరుగుతుంది. పిల్లేమో దాన్ని మంచినీళ్ళ గిన్నెలో వేసింది. సాయంత్రానికి పాపం ఆ పీత డీలా పడిపోయింది.

అప్పుడు నాయనమ్మ చూసి, ఇది ఉప్పునీళ్ళది, వదిలేసిరా, పెంచుకోవాలంటే ఒడ్డు మీద తిరిగే రకం తెచ్చుకో అంది. పిల్ల పరుగున వెళ్ళి అలల్లో వదిలేసింది.

ఆ తర్వాత ఒడ్డు మీది పీతను తెచ్చుకుంది. తొట్టిలో తడి ఇసుక మందంగా పోసింది. ఒక చిప్పలో మంచినీళ్ళు, ఒక చిప్పలో ఉప్పునీళ్ళు పెట్టింది. కొబ్బరి ముక్కలు వేసింది. బుడంకాయ అని పేరు పెట్టుకుంది. బుడంకాయ తిని తిని పెరిగింది. పీత పెరిగితే శంఖం పెరుగుతుందా? నీ కిందటేటి గౌనులాగే బిగుతైపోయింది.

ఒకరోజు బుడంకాయ శంఖంలోంచి సగం బయటికొచ్చి, కదలకుండా పడుంది. చచ్చిపోతుందేమోనని పిల్ల అమ్మను కేకేసింది. అప్పుడు అమ్మ బుట్టలోంచి తెల్ల శంఖం తెచ్చి పెట్టింది. బుడంకాయ కాళ్ళతో తడిమి వదిలేసింది. అప్పుడు చారల శంఖం పెట్టింది. అదీ వద్దంది. అప్పుడు అన్నిటికన్నా నున్నగా మెరిసేది పెట్టింది. దాన్నీ తడిమి పక్కకు నెట్టేసింది. పిల్లకు ఉక్రోషంతో ఏడుపొచ్చింది.

నాయనమ్మ ఆ మెరిసే శంఖాన్ని ఎండలోకి ఎత్తింది. కన్నంలోంచి వెలుగు పిల్ల బుగ్గ మీద పడింది.

"కన్నం ఉంటే లోపల తడి నిలవదే తల్లీ. అది ఎండిపోద్ది" అంది.

అప్పుడు ఇల్లంతా వెతికారు. బుట్టల నిండా శంఖాలే, అన్నిటికీ కన్నాలే.

కన్నం లేనిది ఒక్కటే ఉంది. అది నూకరత్నం దిండు పక్కన ఉండేది. నాన్న వేటకెళ్ళిన రాత్రుళ్ళు దాన్ని చెవికి ఆనించుకుని, లోపల సముద్రం నెమ్మదిగా ఉందో లేదో వినేది. అది లేకపోతే ఆ పిల్లకు కన్ను మూతపడదు. నాన్న ఆ రోజు కూడా వేటలోనే ఉన్నాడు.

చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత తీసుకెళ్ళి తొట్టిలో పెట్టింది. బుడంకాయ తడిమింది, లోపలికి తొంగి చూసింది, సర్రున పాతదాంట్లోంచి వచ్చి కొత్తదాంట్లో దూరిపోయింది.

అది చూసి అమ్మ, ఆ సాయంత్రం కొత్తగా తెచ్చిన శంఖాల్లో గుప్పెడు కన్నం వేయకుండానే తీసుకెళ్ళి ఒడ్డున పోసింది, మిగతా పీతలకు.

ఆ రాత్రి నూకరత్నం తొట్టి పక్కనే చాప వేసుకుని చెవి ఆనించింది. లోపల బుడంకాయ ఇసుకలో కర్ కర్‌మని తిరుగుతోంది. ఆ చప్పుడు వింటూనే పిల్ల నిద్రపోయింది. పొద్దున్నే నాన్న వచ్చి లేపాడు.

కథేమో కడలికి, శంఖమేమో పీతకి, మనమేమో నిద్దరకి.