సైన్యాన్ని ఇంటికి పంపిన సేనాపతి

అనగనగా నల్లకొండల నడుమ ఒక అడవి ఉండేది పిల్లలూ. ఆ అడవికి రాణి చెంగమ్మ అనే ఏనుగు. మొదట్లో ఆమె సైన్యమంటే కాసిని దుప్పులే.

ఒక ఏడాది రేచుకుక్కలు గుంపులు గుంపులుగా వచ్చిపడ్డాయి. ఇంటికొకరు చొప్పున అందరూ సైన్యంలో చేరారు. గట్టయ్య అనే అడవిదున్న సేనాపతి అయ్యాడు. ముందు నిలబడి పోరాడాడు. రేచుకుక్కలు తోక ముడిచాయి.

యుద్ధం ముగిసింది. సైన్యం మాత్రం అలాగే ఉండిపోయింది. రోజూ కవాతే! నెమలి మంత్రి అది చూసి మురిసిపోయేవాడు.

ఒకనాడు గట్టయ్య అడవంతా తిరిగాడు. వాగు ఊట పూడిపోయి ఉంది. దాన్ని తవ్వే అడవిపందులు కవాతులో ఉన్నాయి. నేరేడు చెట్ల కింద పిల్లకోతులు ఆకలికి ఏడుస్తున్నాయి. కొమ్మలు దులిపే తండ్రులూ కవాతులోనే ఉన్నారు. ఒక ముసలి కణితి జింక ఎదురొచ్చి, "నా కొడుకుని ఒక్కసారి చూడాలని ఉంది నాయనా" అంది.

ఆ రోజు గట్టయ్యకు మేత సయించలేదు. తెల్లారగానే రాణి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, కాపలాకి కొందరిని ఉంచుకుని, మిగతావాళ్లని ఇళ్లకి పంపేద్దాం."

నెమలి మంత్రి ఉలిక్కిపడ్డాడు. "సైన్యం తగ్గితే నీ దర్జా తగ్గుతుందయ్యా!"

"నా దర్జా కోసం పసివాళ్లు పస్తులుండాలా, మంత్రిగారూ?"

"రేచుకుక్కలు మళ్లీ వస్తే?" అని అడిగింది రాణి.

"వస్తే ముందు నేనుంటాను తల్లీ. వెళ్లినవాళ్లు ఏటా కొన్నాళ్లు వచ్చి సాధన చేస్తారు."

రాణి అతని డొక్కల మీది గాయాల మచ్చలు చూసింది. వెంటనే ఒప్పుకుంది.

సైనికులు ఇళ్లకి చేరారు. ఊటలో నీళ్లు ఉబికాయి. పిల్లల బుగ్గలు నిండాయి.

సైన్యం తగ్గిందని రేచుకుక్కలకు తెలిసింది. మళ్లీ వచ్చిపడ్డాయి. గట్టయ్య, కాపలా దుప్పులు వాగు దగ్గర అడ్డంగా నిలబడ్డారు. గట్టయ్య కాలు చీలి రక్తం కారుతోంది. అయినా అడుగు వెనక్కి వేయలేదు.

అంతలో వెనక నేల అదిరింది. పందులు, కోతులు, కణితి కొడుకు, అందరూ పరుగెత్తుకొస్తున్నారు! రేచుకుక్కలు పారిపోయి కొండ అవతల పడ్డాయి.

గట్టయ్య రొప్పుతూ అడిగాడు. "కబురైనా పంపలేదే. ఎవరు పిలిచార్రా మిమ్మల్ని?"

"ఎవరో పిలవాలా సేనాపతీ? ఇవి మా పిల్లలు తాగే నీళ్లు" అంది ఒక అడవిపంది.

మర్నాడు గట్టయ్య కుంటుకుంటూ వచ్చి అందరినీ మళ్లీ ఇళ్లకి సాగనంపాడు. ఈసారి వాళ్లతో సగం దారి దాకా నడిచి వెళ్లింది నెమలి మంత్రే.

నీతి: అవసరం తీరాక సైనికుణ్ణి ప్రేమగా ఇంటికి పంపిన నాయకుడి పక్కన, ఆపద వేళ అందరూ వచ్చి నిలబడతారు.