తిరుగుదారి

కేదారయ్య దగ్గర కంప్యూటర్ చిప్పుల విద్య నేర్చుకునే శిష్యుల్లో మార్తాండకు ఒక చిక్కు వచ్చింది. దాన్ని చిక్కు అని అతను ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

అతను గీసిన చిప్పు సమాచారపు ప్యాకెట్లను వాటి గమ్యాలకు చేరుస్తుంది. పైనుంచి అజమాయిషీ చేసేవాడెవడూ ఉండడు. ప్రతి ప్యాకెట్ తన గమ్యం నంబరు తానే మోసుకెళ్తుంది. కూడలిలో రెండు కలిస్తే చిన్న నంబరు ఎడమకు, పెద్దది కుడికి. అలా కూడళ్ళన్నీ దాటి దేని వాకిలికి అది చేరుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. బొటనవేలు టంకంతో కాల్చుకుని మరీ మార్తాండ దాని నమూనా కట్టాడు.

"ఒకే నంబరువి రెండు కలిస్తే?" అడిగాడు గురువు.

"ఎడమ నుంచి వచ్చింది ముందుకు పోతుందండీ. రెండోదాన్ని చెరిపేస్తాను."

"చెరిపేస్తావా?"

"ఎప్పుడో ఒకటి, గురువుగారూ. పోయేది పోతుంది. రేపు తయారీకి పంపేస్తున్నాను."

వాళ్ళు ఉండేది కొండ మీది పాత కోటలో. కింద నేలమాళిగ. అందులో సొరంగాలు రెండేసి కలిసి, మళ్ళీ రెండుగా చీలుతూ పోతాయి, అచ్చం మార్తాండ గీసిన చిప్పు బొమ్మలాగే. మర్నాడు పొద్దున్నే గురువు శిష్యులకు తలా ఒక గాట్ల కర్ర ఇచ్చాడు. ఏ ఇద్దరి గాట్లూ సమానం కావు. మార్తాండవి ఐదు.

"దీపాలు వద్దు, మాటలు వద్దు. కూడలిలో పక్కవాడి కర్ర తడిమి చూసుకోండి. తక్కువ గాట్లవాడు ఎడమకి. సమానమైతే మార్తాండ చెప్పినట్టే, ఎడమ నుంచి వచ్చినవాడే ముందుకి."

ఎవరి ద్వారంలోంచి వాళ్ళు లోపలికి దిగారు.

చివరి కూడలిలో మార్తాండ చేతికి ఒక కర్ర తగిలింది. ఐదు గాట్లు. మళ్ళీ తడిమాడు. ఐదే. అవతలి చెయ్యి కూడా అతని కర్రను తడుముతోంది. చల్లటి చెయ్యి. దాని బొటనవేలి మీద కాలిన మచ్చ గరుకుగా తగిలింది.

మార్తాండ తన బొటనవేలు తడిమి చూసుకున్నాడు. అదే మచ్చ. ఎడమ నుంచి వచ్చింది తనే. ముందుకు నడిచాడు. వెనక అడుగుల చప్పుడు లేదు.

బయట శిష్యులందరూ చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తగ్గలేదు. గురువు నేలమాళిగ తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు.

లోపలి నుంచి ఎవరో తలుపు తట్టారు.

"గురువుగారూ, లోపల ఒకరు ఉండిపోయారు!" అని అరిచాడు మార్తాండ.

"ఎప్పుడో ఒకటి," అన్నాడు గురువు.

మళ్ళీ తట్టారు. ఈసారి మెల్లగా.

"తలుపు తీయండి గురువుగారూ, మీకు దణ్ణం పెడతాను!"

"తీస్తే మాత్రం ఎటు వస్తాడురా? నీ బొమ్మలో వాడికి దారేదీ?"

మార్తాండకు ఏడుపొచ్చింది. జేబులోంచి బొమ్మ తీసి నేల మీద పరిచాడు. చివరి కూడలి నుంచి వెనక్కి, మొదటి ద్వారం దాకా ఒక గీత గీశాడు. ఆగిపోయినవాడు మళ్ళీ మొదటి నుంచి రావడానికి.

తట్టడం ఆగింది.

కాసేపటికి అవతల, అందరూ దిగిన వైపు, ఎవరో కాళ్ళ దుమ్ము దులుపుకుంటున్న చప్పుడైంది. ఎవరూ తల తిప్పి చూడలేదు.

గురువు చాప మీద కాస్త జరిగి, మార్తాండ పక్కన ఇంకొకరికి చోటు చేశాడు.